ఖాళీ ట్యాంకరు

సౌదీలోని అభా కొండల్లో నీళ్ల ట్యాంకరు నడిపే ఖయ్యూమ్‌ది రాయచోటి. అతను నీళ్లు పోసే ఊళ్లలో ఒకదాని ముందు లోతైన వాగు, దాని మీద పాత రాతి వంతెన. వంతెనకు రెండు పక్కలా గోడలు లేపి, పైన దుంగలతో కప్పు వేశారు. లోపలి గోడల నిండా ఎరుపు, పసుపు, ఆకుపచ్చ గీతల బొమ్మలు. ఉమ్ సాద్ అనే ముసలమ్మ చిన్నప్పుడు తల్లి పక్కన కూర్చుని వేసినవి అవి.

ఖయ్యూమ్ ఎప్పుడూ బండిని వంతెన ఇవతలే ఆపి, పైపు లాగి ఇళ్లకు నీళ్లు ఎక్కించేవాడు. ఆ రోజు ఉమ్ సాద్ మనవడి పెళ్లి. ఇంటినిండా చుట్టాలు, తొట్టిలో చుక్క నీరు లేదు. తీరా చూస్తే పైపు చినిగిపోయి ఉంది.

"బండి లోపలికే తెచ్చెయ్ నాయనా, పడుతుందిలే," అంది ముసలమ్మ అరబ్బీలో.

దిగి చూశాడు. కప్పుకూ ట్యాంకరుకూ మధ్య రెండు వేళ్ల సందు ఉంది. మెల్లగా పోనిచ్చాడు. ఎక్కడా తగల్లేదు. తొట్టి నింపి, వాళ్లిచ్చిన కాఫీ తాగి, అదే దారిన తిరిగొచ్చాడు.

నీళ్ల బరువు పోయాక స్ప్రింగు పట్టీలు లేచి బండి ఎత్తు పెరుగుతుంది. అన్నేళ్ల డ్రైవరుకు అది తట్టాల్సింది. తట్టలేదు. ఫెళ్లుమన్న చప్పుడు విని బ్రేకు తొక్కేసరికి దుంగలు విరిగి కప్పు కూలింది. ఒక పక్క గోడ వాగులోకి జారిపోయింది.

ఎవరికీ దెబ్బ తగల్లేదు. పోలీసులు వచ్చారు. ఖయ్యూమ్‌ను వీసా మీద పనిలో పెట్టుకున్న కఫీల్, బండి కూడా అతనిదే, నోటికొచ్చినట్టు తిట్టాడు. ఖయ్యూమ్ మాత్రం వాగులోకి దిగి రంగు పెళ్లలు ఏరుతూ ఉండిపోయాడు.

ఉమ్ సాద్ గట్టు మీదికి వచ్చింది.

"తప్పు నాది, యుమ్మా."

"రమ్మన్నది నేనే కదా," అంది.

ఆమె కూడా తిట్టి ఉంటే బాగుండేదనిపించింది అతనికి.

బాగుచేయడానికి అక్కడే పనిచేసే జగిత్యాల మేస్త్రీ ఎల్లన్న వచ్చాడు. శుక్రవారాలు ఖయ్యూమ్ కూడా వెళ్లి రాళ్లు మోశాడు. గోడ లేచింది, కప్పు పడింది. ఎల్లన్న తెల్లగా సున్నం కొట్టి, ముసలమ్మ చేతికి కుంచె ఇచ్చాడు. ఆమె ఒక ఎర్ర గీత మొదలుపెట్టింది. చెయ్యి వణికి గీత కిందికి వాలిపోయింది.

"మా అమ్మ చూస్తే చెరిపేస్తుంది," అని కుంచె కడిగి ఇచ్చేసింది.

ఖయ్యూమ్ కఫీల్‌ను బతిమాలి వేరే ఊళ్లకు మారాడు. కొన్నాళ్లకు ఎల్లన్న ఫోను చేశాడు.

"ఏం భాయ్, ఇటు దిక్కు వచ్చుడే బంద్ జేసినవ్? అవ్వ అడుగుతున్నది, కాఫీ తాగి పొమ్మంటున్నది."

"ఏ మొగం పెట్టుకోని వచ్చేదన్నా? ఆ తెల్లగోడ దాటుకోనే కదా ఆయమ్మ ఇంటికి పోవల్ల."

"అవ్వ రోజూ దాటుతున్నది గదనే!"

ఆ మాట విని వారం రోజులు సరిగ్గా తినలేదు. పండగ నాడు కొత్త బట్టలు కట్టుకుని, మిఠాయి పొట్లంతో బయల్దేరాడు. వంతెన కనిపించే మలుపు దాకా వెళ్లాడు. కాసేపు అక్కడే నిలబడి, వెనక్కి తిరిగి వచ్చేశాడు.