ఆరో వీధి మలుపులో లెక్క

పాతికేళ్లుగా మార్లిస్ ట్వైట్ చేతిలో ఒక ఎర్ర బోర్డు ఉంది. పొద్దున ఏడున్నరకి ఆరో వీధి మలుపులో ఆవిడ అది పైకెత్తితే కంకర లారీలు ఆగుతాయి, పిల్లలు బడికి దాటుతారు. ఎముకలు కొరికే జనవరిలోనూ అంతే. నేను తిరిగిన ప్రతి ఊళ్లోనూ పెద్దల కన్నా పిల్లలను బాగా ఎరిగిన మనిషి ఎవరో ఒకరుండేవారు. మిన్నెసోటాలో మా చిన్న పట్నానికి ఆ మనిషి ఈవిడే.

పోయిన ఏడాది కౌన్సిల్ పాత కార్ఖానా స్థలంలో ఎనభై ఇళ్లకు అనుమతిచ్చింది. ఇళ్లొస్తే కార్లొస్తాయి. అందుకని ఆరో వీధిని వెడల్పు చేసి, పిల్లలు దాటే చోటును సిగ్నల్ ఉన్న ఎనిమిదో వీధికి మారుద్దామన్నారు. కాగితం మీద బాగానే ఉంది. మార్లిస్‌కి మాత్రం నమ్మకం కుదరలేదు. చలిలో పిల్లలు రెండు వీధులు చుట్టు తిరగరు, పాత చోటునే అడ్డంపడి పరుగెత్తుతారు.

మంగళవారం సాయంత్రం కౌన్సిల్ సభకి వెళ్లి, మాట్లాడతానని చీటీ రాసిచ్చి, పేరు పిలుస్తారని కూర్చుంది. మావాళ్ల తీరే అంత. ఎవరైనా కాలు తొక్కితే తొక్కించుకున్నవాళ్లే క్షమించమంటారు, పిలవందే నోరు విప్పరు. మేయర్ అయిదు నుంచి పన్నెండు దాకా అంశాలన్నీ ఒకే కట్టగా చదివి, "అభ్యంతరాలున్నాయా?" అన్నాడు. ఎవరూ పలకలేదు. సభ్యులంతా సరేనన్నారు.

పక్కనున్న ఆర్విల్, ఒకప్పటి పోస్ట్‌మ్యాన్, ఆమె మోచేతిని పొడిచాడు. "అయిపోయింది."

"ఏది?"

"నీదే. తొమ్మిదో అంశం. కట్టలో కొట్టుకుపోయింది."

"నన్ను పిలవలేదుగా?"

"అభ్యంతరమా అని అడిగాడు చూడు, అదే పిలుపు. పాతికేళ్లు లారీలనాపావు, ఒక్క మేయర్ని ఆపలేకపోయావు."

తర్వాత కుక్కల పార్కు కంచె ఎత్తు మీద గంటన్నర వాదన. ఆ గంటన్నరా మార్లిస్ కోటు విప్పలేదు. ఆఖర్న, ఎవరైనా మాట్లాడొచ్చు అన్నప్పుడు లేచింది. మూడు నిమిషాలిస్తే ఒక్కటే వాడుకుంది.

"ఇవాళ నలభై ఒక్కమందిని దాటించాను. వాళ్లలో ఎనిమిదో వీధిదాకా నడిచేదెందరో మీకు తెలుసా? నాకూ తెలీదండీ. అదే నా భయం."

సరేనన్నవాళ్లలోనే ఒకరు అడిగితే తప్ప తీర్మానం మళ్లీ చర్చకు రాదు. చివరికి రెనాటా కూల్ అనే సభ్యురాలు చెయ్యెత్తింది. ఎనిమిదో వీధికి ఎందరు పిల్లలొస్తారో మూడు రోజులు లెక్కపెట్టి, చాలామంది రాకపోతే పాత చోటే ఉంచుదామన్నారు.

మార్లిస్ ఊపిరి పీల్చుకునేలోగా ఊరి ఇంజనీరు అందుకున్నాడు. "ఆ మూడు రోజులూ మీరు ఎనిమిదో వీధిలోనే ఉండాలండీ. మలుపులో మీరు కనిపిస్తే పిల్లలు అటే వస్తారు, లెక్క తేలదు. మలుపు దగ్గర పోలీసు కారు పెడతాం, భయం లేదు."

సోమవారం ఎనిమిదో వీధి సిగ్నల్ కింద నిలబడి లెక్కపెట్టింది. ఏడూ నలభై అయిదుకి ఇరవై ఆరుగురు. మిగతా పదిహేనుమందీ రాకపోతే మలుపు ఆవిడకే దక్కుతుంది. అయినా రావాలనే దేవుణ్ణి వేడుకుంది. ఇరవై ఏడు. మరి ఎవరూ లేరు. ఆరో వీధి వైపు లారీ హారన్ వినిపించింది.

అరవై ఎనిమిదేళ్ల మనిషి మంచు మీద పరుగెత్తకూడదు. పరుగెత్తింది.

పోలీసు కారు ఓ పక్కకి ఆగి ఉంది, పిల్లలు రోడ్డు అంచున గుంపుగా ఉన్నారు. ఒకరిద్దరి కాళ్లు అప్పటికే రోడ్డు మీదున్నాయి. మార్లిస్ నడిమధ్యకు వెళ్లి బోర్డెత్తింది. లారీ మూలుగుతూ ఆగింది.

"ఎక్కడికెళ్లిపోయారు, మిస్ మార్లిస్?"

"ఎనిమిదో వీధికి. మాటలాపి నడవండి."

ఇంజనీరు కారు దిగి వచ్చాడు. "ఇవాళ్టి లెక్క చెడిపోయిందండీ."

"రేపు?"

"రేపూ మీరొస్తే రేపటిదీ చెడిపోతుంది. లెక్క లేకపోతే కౌన్సిల్ పాత తీర్మానమే ఖాయం చేస్తుంది. మీ మంచికే చెబుతున్నాను."

"తెలుసు బాబూ," అంది మార్లిస్, చివరి పిల్ల రోడ్డు దాటేదాకా బోర్డు దించకుండా. "రేపు ఏడుంబావుకే ఇక్కడికొస్తాను."