మూడో పళ్లెం

నేను ఆశ్రమ పాఠశాలలో సైన్సు చెబుతాను. మన్యంలో మా పెదబయలు వైపు హాస్టళ్లలో ఏటా ఒక్కసారైనా దెయ్యం పుకారు పుడుతుంది. ఏదో ఒక పిల్ల బాత్రూముల దగ్గర తెల్లచీర చూశానని కేక పెడుతుంది, మిగతావాళ్లంతా మూకుమ్మడిగా జ్వరం తెచ్చుకుంటారు. అప్పుడు వాళ్లను వెంటబెట్టుకుని వెళ్లి, అది తీగ మీద ఎవరో మరిచిపోయిన దుప్పటి అని చూపించి రావలసింది నేనే. మాది తాతల నాటి నుంచి క్రైస్తవ కుటుంబం. చనిపోయినవాళ్లు ప్రభువు దగ్గర ఉంటారని సండే స్కూల్లో నేర్చుకున్నాను, ఎక్కడా ఉండరని డిగ్రీలో నేర్చుకున్నాను. ఎలా చూసినా తిరిగి రారన్నది మాత్రం ఖాయం అనుకున్నాను.

అలాంటిదాన్ని ఇది రాస్తున్నందుకు నాకే సిగ్గుగా ఉంది. నవ్వేవాళ్లు నవ్వుకోవచ్చు.

మా తమ్ముడి పేరు ఇస్సాకు. ఇంటర్ తప్పి రెండేళ్లు కాఫీ తోటల్లో తిరిగాడు. తర్వాత ఊరి వాళ్లెవరో చెబితే భీమిలి దారిలో సముద్రం ఒడ్డున ఉన్న ఒక హోటల్లో వంటింటి పనికి చేరాడు. క్రిస్మస్ వెళ్లాక, కొండల మీద మంచు దిగే రోజుల్లో బయలుదేరాడు. అమ్మ సంతలో కొన్న మెరూన్ రంగు స్వెట్టరు వేసుకుని బస్సెక్కాడు. అక్కడ ఉక్కపోతకి చస్తావురా, అదెందుకు అని నేను ఆటపట్టిస్తే, అంత నీళ్ల పక్కన చలిగానే ఉంటుందిలే అక్కా అన్నాడు. వాడు అప్పటిదాకా సముద్రం చూడలేదు.

ఆ ఏడు వానలకి వాడు కనిపించకుండా పోయాడు.

హోటల్లో వాడితో పనిచేసిన కుర్రాడు, సాయంత్రం సముద్రంలో స్నానానికి దిగాడు, మళ్లీ కనబడలేదు అన్నాడు. గేటు దగ్గర కాపలా ఉండే మనిషి, ఎవరో మేస్త్రీ వెంట చెన్నై పనులకు పోయాడు అన్నాడు. ఇద్దరూ ఒట్టు పెట్టుకునే చెప్పారు. పోలీసులకు కాగితం ఇచ్చాం. ఒడ్డుకు శవం రాలేదు, చెన్నై నుంచి కబురూ రాలేదు. హోటలు వాళ్లు వాడి బ్యాగు తెచ్చి మా చేతిలో పెట్టారు. అందులో రెండు చొక్కాలు, బైబిలు, ఫోన్ చార్జరు ఉన్నాయి. స్వెట్టరు లేదు.

మళ్లీ వెళ్లి అడిగితే మేనేజరు లేడని గేటు దగ్గర నుంచే పంపేశారు. అలా రెండేళ్లు గడిచాయి. జ్ఞాపకార్థ కూడిక పెట్టుకుందాం అని పాస్టరుగారు నెమ్మదిగా మాట ఎత్తినప్పుడల్లా అమ్మ లేచి దొడ్లోకి వెళ్లిపోయేది. నా మటుకు నాకు వాడు ఉన్నాడో లేడో తెలిస్తే చాలనిపించేది. ఏది తెలిసినా సరే అనుకునేంత విసిగిపోయాను.

మా అమ్మ పుట్టింటివాళ్లు మాత్రం చర్చిలో చేరలేదు. ఆమె అన్న బోడన్న మామ ఇప్పటికీ పాత పద్ధతులే పాటిస్తాడు. ఏటా మామిడి కొత్త చేస్తాడు. ఆ ఏటి మామిడికాయ ముందు పోయినవాళ్లకు పెట్టి, ఆ తర్వాతే బతికున్నవాళ్లు నోట పెట్టుకోవాలి, అదీ కొత్త అంటే. ఇంటి ముందు అడ్డాకుల్లో వాటాలు వేసి, పోయినవాళ్లను ఒక్కొక్కరినీ పేరుపెట్టి పిలుస్తారు. పేరు పిలవకపోతే ఆ మనిషి ఏడాది పొడుగునా ఆకలితో తిరుగుతాడని నమ్మకం. బతికున్నవాడి పేరు పిలిస్తే వాడి ఆయుష్షు అక్కడితో సరి. మా నాన్న క్రైస్తవుడిగానే పోయినా, బావ ఆకలితో ఉంటాడని మామ ఆయన పేరు కూడా పిలుస్తాడు. అమ్మ చర్చిలో ముందు వరుసలో కూర్చునే మనిషే గానీ, అన్న ఇంట్లో కొత్త అయ్యేదాకా మామిడిముక్క ముట్టదు. పాస్టరుగారికి తెలుసు, చూసీ చూడనట్టు ఊరుకుంటారు.

మొన్నటి ఏప్రిల్లో కొత్తకు రోజు పెట్టుకుని మామ మా ఇంటికొచ్చాడు. అరుగు మీద చాలాసేపు చుట్ట కాల్చుకుంటూ కూర్చుని, ఆఖరికి అడిగాడు.

"గుంటడి పేరు ఎత్తమంటావా, వద్దంటావా? వాడు పోయుంటే రెండేళ్లబట్టి ఆకలితోటి ఉన్నాడు. ఉన్నోడైతే నా నోటితో నానే సంపీసినట్టు. నువ్వు సెప్పకపోతే నానేటి సెయ్యాలి?"

సాయంత్రం అమ్మ పొయ్యి దగ్గర కూర్చుని నన్ను పిలిచి, గుంటడు పనిచేసిన చోట రెండ్రోజులు ఉండొద్దామంది. చూసొచ్చి అన్నకి మాట చెప్తానంది. అక్కడ చూసేదేముంది అనుకుంటూనే గదికి ఆన్‌లైన్లో కట్టేశాను.

డబ్బు కట్టిన అతిథులమయ్యేసరికి అదే గేటు సలాం కొట్టి మరీ తెరుచుకుంది. మేమెవరమో చెప్పలేదు. కౌంటరు దగ్గర అమ్మాయి మా ఇద్దరి ఆధార్ కార్డులు తీసుకుని, మూడో ఆయనది కూడా ఇవ్వండి అంది. ఇద్దరమే అన్నాను. ఆమె మా వెనక గాజు తలుపు వైపు ఒకసారి చూసి, సారీ చెప్పి తాళం ఇచ్చింది. వెనక వేరే ఎవరో నిలబడి ఉంటారనుకున్నాను.

హోటల్ గురించి ఉన్నదున్నట్టు చెప్పాలంటే, ఫొటోలు చూసి మోసపోకండి. సీ వ్యూ అన్నారు గానీ, కుర్చీ బాల్కనీ చివరికి లాక్కుని మెడ తిప్పితేనే సముద్రం కనబడుతుంది. కుళాయిలు ఉప్పుగాలికి తుప్పు పట్టాయి, దుప్పట్లు ఎప్పుడూ చెమ్మగానే ఉన్నాయి. ఏసీ మోత మాత్రం మా ఊరి పిండి మిల్లుకు తీసిపోదు. టిఫిన్లు బాగున్నాయి, అది ఒప్పుకోవాలి.

అమ్మ బాల్కనీ చివరన నేల మీద కూర్చుని, మెడ తిప్పి మధ్యాహ్నమంతా సముద్రాన్నే చూసింది. దీనికి అవతలి ఒడ్డు లేదా అని ఒకసారి అడిగింది. ఉంది, కనబడదు అన్నాను. ఆ జవాబుకి నన్ను అదోలా చూసింది.

సాయంత్రం టీకి కింద హాల్లోకి వెళితే మా బల్ల మీద మూడు కప్పులు పెట్టారు. అక్కడ వడ్డించే ఆయన పేరు అప్పారావు, యాభై దాటి ఉంటాయి, శ్రీకాకుళం వైపు మనిషి. ఈ సంక్రాంతి తర్వాతే పనిలో చేరానని తనే మాటల్లో చెప్పాడు. అంటే మా తమ్ముణ్ణి చూసే అవకాశమే లేదు. మూడో కప్పు తీసేయమంటే తీసేశాడు. మనిషి కొంచెం పరధ్యానమేమో అనుకున్నాను.

మర్నాడు పొద్దున ఎనిమిదింటికల్లా హాలు నిండిపోయింది. మా పక్క బల్ల దగ్గర ఒక చిన్నపిల్ల చాక్లెట్ దోసె కావాలని గోల చేస్తోంది. అప్పారావు మాకు మూడు పళ్లేలు వేశాడు. ఒక్కో దాంట్లో రెండేసి మామిడిపండు ముక్కలు పెట్టాడు. సీజన్లో మొదటి కాపు, హోటల్ తరఫున అన్నాడు. మా కొండ మీద కాయ ఇంకా ముదరనే లేదు, ఇక్కడ అప్పుడే పండు వచ్చేసింది.

అమ్మ ముట్టదని తెలుసు. ఆమె ఎదురుగా నేను తినలేను. ఇడ్లీకి చోటు చేయాలని మా ఇద్దరి ముక్కలూ తీసి, ఆ ఖాళీ కుర్చీ ముందున్న పళ్లెంలో వేశాను. వేశాక అమ్మ ముఖం చూశాను. అప్పుడు గానీ నా చెయ్యి చేసిన పని నాకు అర్థం కాలేదు. కొత్త పండు, మేము తినకముందే, మనిషి లేని చోట పెట్టేశాను. మా ఊళ్లో అలా పెట్టేది పోయినవాళ్లకే. పెట్టిన వాటా వెనక్కి తీయకూడదు.

"బతికున్నోడికి వాటా ఏసీసినావేటే?" అంది అమ్మ.

అది మామూలు పళ్లెం అనీ, నేనేమీ అనుకుని వేయలేదనీ నసుగుతూ ఉండగానే అప్పారావు సాంబారు తెచ్చాడు. మీతో వచ్చిన ఆయన ఇంకా రాలేదా, చల్లారిపోతాయి అన్నాడు. నాకు ఒళ్లు మండింది. మాతో ఎవరూ రాలేదు, నిన్నటి నుంచి ఎందుకిలా చేస్తున్నారు అని కొంచెం గట్టిగానే అడిగాను. ఆయన నొచ్చుకున్నాడు. నిన్న మీరు ఆటో దిగినప్పుడు వెనకాలే వచ్చాడు, పొద్దున హాలు తెరవగానే వచ్చి ఈ బల్ల దగ్గరే సముద్రం వైపు తిరిగి కూర్చున్నాడు, అమ్మావాళ్లు వచ్చాక తింటానని లేచి వెళ్లాడు, అని వరసగా చెప్పాడు. ఎండాకాలంలో స్వెట్టరు వేసుకున్నాడని గుర్తుండిపోయింది అన్నాడు. ఏ రంగు అని అడిగాను. వంకాయ రంగు లాంటిది అన్నాడు.

అమ్మ ఆయన వైపు తిరిగి ఒక్కటే అడిగింది.

"ఆ స్వెట్టరు తడిగుందా బాబూ, పొడిగుందా?"

అప్పారావు సాంబారు గిన్నె బల్ల మీద పెట్టాడు. "తడిసి ముద్దయిపోనాదమ్మా. పొద్దున్నే సముద్రంలో తానం సేసొచ్చినారేమో అనుకున్నాను. నానే తువ్వాలిచ్చాను."

ఆయన వెళ్లిపోయాక అమ్మ ఆ పళ్లెం రెండు చేతులతో పట్టుకుని ఖాళీ కుర్చీ వైపు కొంచెం జరిపింది. తల మీద కొంగు కప్పుకుంది. చాక్లెట్ దోసె పిల్ల అరుపుల మధ్య, నాకు మాత్రమే వినబడేలా పేర్లు చెప్పడం మొదలుపెట్టింది.

"మా అయ్యకి. మా యమ్మకి. పిల్లల తండ్రికి." అక్కడ ఆగింది. ఎంతసేపు ఆగిందంటే, ఇక చెప్పదులే అనుకున్నాను. చెప్పకూడదని కూడా కోరుకున్నాను. "నా గుంటడు ఇస్సాకుకి."

నాకు ఏడుపొచ్చింది. అమ్మ ఏడవలేదు. వాటా వేశాక కాసేపు పక్కకు తప్పుకోవడం పద్ధతి, లే అంది. ఇడ్లీలు అలాగే వదిలేసి గదికి వెళ్లిపోయాం. ఆ రోజంతా ఆమె మళ్లీ సముద్రం వైపు చూడలేదు. తలుపు వేసుకుని పడుకుంది.

తర్వాతి రోజు ఉదయం మా బల్ల మీద రెండే పళ్లేలు ఉన్నాయి. ఎవరూ చెప్పకుండానే. నేనే అప్పారావును పక్కకు పిలిచి, ఈ రోజు మూడోది వేయలేదేం అని అడిగాను.

"ఆయన ఎల్లిపోయారు గదా మేడం. నిన్న మీరు లేసినాక వచ్చి, పళ్లెంలోయన్నీ తినీసి ఎల్లిపోయారు. పాపం, శానా ఆకలి మీదున్నట్టున్నారు."

ఫోనులో ఇస్సాకు ఫొటో తీసి చూపించాను. చాలాసేపు చూశాడు. మాట్లాడినప్పుడు కూడా సముద్రం వైపే తిరిగి ఉన్నాడు, తినేటప్పుడు తల వంచుకునే తిన్నాడు, ముఖం సరిగ్గా చూడలేదు అన్నాడు. ఆయన అబద్ధం చెప్పడానికి కారణమేమీ నాకు కనబడలేదు. ఆయన పక్క బల్ల దగ్గరకు కాఫీ పట్టుకుని వెళ్లిపోయాడు.

ఇంటికొచ్చాక అమ్మ బోడన్న మామకి ఒక్క ముక్కలో చెప్పింది, ఎత్తమని. కొత్త రోజు మామ నాన్న పేరు తర్వాత వాడి పేరు పిలిచాడు. తర్వాతి ఆదివారం చర్చిలో జ్ఞాపకార్థ కూడిక కూడా అయింది. పాస్టరుగారు మంచి వాక్యం చెప్పారు. అమ్మ ఊరందరికీ తనే అన్నం వడ్డించింది. రెండేళ్ల తర్వాత ఆమె కడుపు నిండా తినడం నేను ఆ రోజే చూశాను.

నేను ఎన్నో రకాలుగా సర్దిచెప్పుకోవాలని చూశాను. వేరే గదిలో దిగిన మనిషెవరో అయి ఉండవచ్చు. ఏప్రిల్ ఎండలో తడిసిన స్వెట్టరుతో టిఫినుకు వచ్చే పిచ్చివాడు లోకంలో ఉండకపోడు. కానీ మా బల్ల దగ్గరే ఎందుకు కూర్చున్నాడు, అమ్మావాళ్లు వచ్చాక తింటానని ఎందుకన్నాడు? ఒక వడ్డించే మనిషి మాట పట్టుకుని, కాగితం మీద ఇంకా తప్పిపోయినవాడిగానే ఉన్న నా తమ్ముణ్ణి చచ్చినవాళ్లలో కలిపేశాం. అది సరైన పనో కాదో నాకు ఇప్పటికీ తెలియదు.

తెలియని నంబరు నుంచి ఫోనొస్తే, పాఠం మధ్యలోనైనా సరే, బయటికి పరుగెత్తుకెళ్లి ఎత్తుతాను. ఇంట్లో ఉన్నప్పుడూ అంతే. అమ్మ మాత్రం ఎవరని అడగడం మానేసింది.