ఈకల సంచి

మొన్న శనివారం మా ఊరు క్యారీలో గరాజ్ సర్దుతూ, వాటర్ హీటర్ వెనక మూలకి తోసేసిన పాత కాన్వాసు పెట్టెను బయటికి లాగి మూత తీశాను. లోపలి నుంచి వచ్చిన వాసనకి చేస్తున్న పని మరిచిపోయి సిమెంటు నేల మీదే చతికిలబడ్డాను. మైనం పట్టించిన గుడ్డ, గట్టిపడిన రబ్బరు, ఎప్పుడో ఒలికిన పెట్రోలు, వాటన్నిటి అడుగున మా అమ్మ వేసిన కలరా ఉండలు. ఆ పెట్టె ఒకప్పుడు సైన్యానిది. మంచు ప్రాంతాల మీదుగా ఎగిరే విమానాల్లో సిబ్బంది కోసం పెట్టేవారట. విమానం మంచులో కూలిపోతే, ఎవరైనా వెతుక్కుంటూ వచ్చేదాకా ప్రాణం నిలుపుకోవడానికి కావలసినవన్నీ అందులో ఉంటాయి. నార్త్ కరోలినాలో దానితో ఏం పని? ఇక్కడ చలికాలమంటే రెండు మూడు ఉదయాలు కారు అద్దం మీద మంచు గీక్కోవడమే. పారేయమని మా ఆయన ఏటా అంటాడు, నేను ఏటా వినిపించుకోను.

నా చిన్నతనం మిన్నెసోటా ఉత్తరపు కొసన, కెనడా సరిహద్దుకి చేరువలో ఒక చిన్న ఊళ్ళో గడిచింది. నాన్న అక్కడి పేపర్ మిల్లులో కంప్యూటర్లు చూసే ఇంజనీరు. ఊరంతటికీ తెలుగువాళ్ళం మేమొక్కళ్ళమే. గాలి మిల్లు వైపు నుంచి వీచిన రోజున ఊరంతా ఉడికిన క్యాబేజీ కంపు కొట్టేది, కొత్తవాళ్ళు ముక్కు మూసుకునేవారు, మాకు మాత్రం అది నాన్న చొక్కా వాసన. సెప్టెంబరు చివర మేపుల్ ఆకులు ఎర్రబడి రాలేవి, వాటిని కుప్పపోసుకుని అందులోకి దూకే ఆట ఇంకా మోజు తీరకముందే మొదటి మంచు పడేది. దీపావళికి కోటులూ బూట్లూ వేసుకుని మంచులో నిలబడి కాకరపువ్వొత్తులు కాల్చేవాళ్ళం, కాలిన కడ్డీని మంచులో గుచ్చితే చుయ్యిమనేది, ఆ చప్పుడు కోసమే నేను ఇంకోటి ఇమ్మని మారాం చేసేదాన్ని. జనవరి వచ్చిందంటే ఊపిరి పీలిస్తే ముక్కు లోపల వెంట్రుకలు బిగుసుకునేవి. ఆ చలిని తిట్టుకోని మనిషిని నేను చూడలేదు.

నాన్న పుట్టి పెరిగింది తణుకులో, ఉక్కపోత తప్ప ఇంకో కాలం ఎరగని మనిషి. వచ్చిన మొదటి చలికాలమే ఆయన కారు జారి రోడ్డు పక్క గోతిలో దిగబడిందట. ఎవరో ట్రక్కాయన వచ్చి లాగేదాకా అందులో కూర్చుని పడ్డ భయం ఆయన్ని ఎన్నాళ్ళకీ వదల్లేదు. ఆ వేసవిలోనే మిలటరీవాళ్ళ దగ్గర మిగిలిపోయిన సరుకు అమ్మే కొట్టుకి వెళ్ళి ఈ పెట్టె మోసుకొచ్చాడు.

“విమానం పడినవాళ్ళనే బతికించేది, కారు ఆగిపోతే మనల్ని బతికించదా?” అన్నాడు.

అమ్మ దాని చుట్టూ ఒకసారి తిరిగి చూసి, “దీన్ని ట్రంక్‌లో పెడితే గ్రోసరీస్ మీ నెత్తిన పెట్టుకుంటారా ఏవిటండీ?” అంది.

ఏటా తొలిమంచు పడ్డాక వచ్చే ఆదివారం నాన్న హాల్లో దుప్పటి పరిచి, పెట్టెలోంచి ఒక్కొక్కటే తీసి, బొమ్మల కొలువు పెట్టేవాళ్ళంత శ్రద్ధగా వరసగా పేర్చేవాడు. ఆలివ్ రంగు ఉన్ని కంబళి, మోచేతుల దాకా వచ్చే ఉన్ని తొడుగులు, మంచు దిమ్మలు కోసే రంపం పళ్ళ కత్తి, పైన పోయే విమానానికి ఎండ మెరిపించి చూపే అద్దం, తడిసినా వెలిగే అగ్గిపుల్లలు, అరచేతిలో ఇమిడేంత పెట్రోలు స్టవ్వు, దానికి తగ్గ గిన్నెలు. ఉచ్చు తీగనీ గేలాలనీ మాంసం డబ్బాలనీ అమ్మ మొదటి ఏడే తీసేసింది. “కుందేళ్ళని పట్టి మీరు తింటారా, నన్ను వండమంటారా?” అని నాన్నని అడిగింది. వాటి చోటులోకి మినపసున్నుండలు, కారప్పూస, నిమ్మకాయ ఊరగాయ సీసా చేరాయి. సున్నుండలు ఏనాడూ ఫిబ్రవరి చూడలేదు. నాన్న తింటున్నాడని నేనూ, నేను తింటున్నానని నాన్నా అమ్మకి చెప్పేవాళ్ళం.

అన్నిటికన్నా అడుగున నిద్రసంచి ఉండేది. గట్టిగా నొక్కి కట్టిన మూట, తాడు విప్పగానే ఉబ్బి ఉబ్బి హాలు సగం ఆక్రమించేది. దాని నిండా బాతు ఈకలు. భోజనాల బల్ల కింద రోజూ నా విమానం కూలిపోయేది. నేను బొమ్మలన్నిటినీ ఆ సంచిలోకి లాక్కుని, తల కూడా లోపలికి దాచుకుని, ఎవరో వచ్చి కాపాడేదాకా ఎదురుచూసేదాన్ని. ఎప్పుడూ అమ్మే వచ్చి కాపాడేది, అన్నానికి లెమ్మని.

నాకు ఏడెనిమిదేళ్ళప్పుడు తణుకులో తాతయ్య పోయారు. నాన్న వెళ్ళి కర్మకాండ జరిపించి వచ్చాడు గానీ, ఏడాది తిరిగి సంవత్సరీకం దగ్గర పడేసరికి కదల్లేని పరిస్థితి వచ్చింది.

“గ్రీన్‌కార్డ్ పెండింగ్‌లో ఉందమ్మా. ఇప్పుడు ట్రావెల్ చేస్తే రీ-ఎంట్రీ రిస్క్ అంటున్నాడు లాయరు,” అని ఫోన్లో చెప్పాడు.

దానికి నాయనమ్మ, “ఆయనకి కొడుకువి నువ్వొక్కడివే. మొదటి తద్దినం తప్పకూడదు. నువ్వు రాలేకపోతే నేనే వస్తాను,” అందట.

మడి కట్టుకోకుండా పొయ్యి ముట్టని మనిషి, దారి పొడవునా మంచినీళ్ళు తప్ప ఏమీ తీసుకోకుండా, సూట్‌కేసులో మోదుగాకు విస్తళ్ళూ నువ్వులూ దర్భలూ పెట్టుకుని డిసెంబరులో మా ఊళ్ళో దిగింది. మర్నాటి నుంచి ఇంట్లో రాజ్యం ఆవిడదే. బేస్‌మెంట్‌లో తాడు కట్టించి తన చీర తనే ఆరేసుకునేది, అది ఆరి, కట్టుకుని, వంట అయ్యేదాకా మేమెవరమూ ఆ చుట్టుపక్కలకి పోకూడదు. డ్రైయర్‌లో వేస్తానని అమ్మ అంటే, “అందరి మేజోళ్ళూ తిరిగిన గూట్లో నా మడిచీర తిప్పుతావా?” అని తగులుకుంది. చలికి పళ్ళు టకటకలాడుతుంటే చూడలేక నాన్న ఈకల సంచి తెచ్చి పరిచాడు.

“పక్షుల్ని పీకి కుట్టిన దాంట్లో నేను పడుకోనురా. నాకు తగలకుండా అవతల పెట్టు,” అంది.

ఆ దెబ్బతో సంచి నాదైపోయింది. సాయంత్రాలు నేను అందులో దూరి కూర్చుంటే, నాయనమ్మ నాకు అందనంత దూరంలో కూర్చుని, కుకీలు చేసే ట్రేలో బియ్యప్పిండి పరిపించి నా చేత అక్షరాలు దిద్దించేది. ఈ నాలుగు ముక్కలు తెలుగులో రాయగలుగుతున్నానంటే ఆ ట్రే చలవే.

తిథి జనవరి చివర్లో వచ్చింది. మినియాపలిస్ నుంచి పురోహితుడుగారూ, తాతయ్య పేరున భోజనం చేయవలసిన ఇద్దరు భోక్తలూ ముందురోజు రాత్రికే వస్తామన్నారు. ఆ రోజు మధ్యాహ్నం నుంచి మంచుకి బదులు వాన పడింది, పడ్డ వాన పడ్డట్టే గడ్డకట్టింది. కొమ్మలు విరిగాయి, కరెంటు తీగలు తెగాయి. హీటర్ లేదు, పొయ్యి లేదు. తెల్లారేసరికి వాన తెరిపి ఇచ్చి అసలు చలి దిగింది. ఫోన్ ఒక్కటే పనిచేస్తోంది. అందులో పురోహితుడుగారు, “హైవే క్లోజ్ చేశారండీ. పేరూ గోత్రమూ చెప్పి నువ్వులూ నీళ్ళూ వదిలెయ్యండి. పద్ధతిగా తర్వాత గుళ్ళో చేయిద్దాం,” అన్నారు.

నాన్న ఆ మాట చెబితే నాయనమ్మ తల అడ్డంగా ఊపింది. “మంత్రం తర్వాత చెప్పించుకోవచ్చు. భోజనం తర్వాత ఎలా పెడతాంరా? తిథి ఇవాళ. ఏడాదికొక్కసారి ఆకలితో వచ్చే మనిషిని గుమ్మంలోంచి పంపెయ్యమంటావా? వేడివేడిగా వండి వడ్డించాలి. అంతే.”

“తాతయ్య నిజంగా తింటారా?” అని అడిగాను.

“పోయినవాళ్ళు మెతుకులు తినరే పిచ్చిమొహమా. ఆ వేడి తింటారు. పొగలొస్తున్నంతసేపే వాళ్ళ భోజనం. చల్లారిందంటే పెట్టనట్టే.”

ముందు మడికే ఇబ్బంది వచ్చింది. ఇల్లంతా చల్లబడిపోయి తాడు మీది చీర ఆరనేలేదు. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరగడం చూసి అమ్మ మెల్లిగా, “అత్తయ్యగారూ, ఉన్ని మడికి పనికొస్తుంది కదండీ. మీ అత్తగారు ధావళి కట్టుకునేవారని మీరే చెప్పారు,” అంది. నాన్న పరుగున పెట్టెలోని ఉన్ని కంబళి తెచ్చాడు.

నాయనమ్మ ముట్టుకోకుండానే, “పోయిన సిపాయిలు కప్పుకున్నది కాదు కదా?” అంది.

“కాదమ్మా. కొన్నప్పుడు సీలు కూడా తీయలేదు. సీలు తీయలేదంటే వాళ్ళ విమానం క్షేమంగా దిగినట్టేగా.”

“ఎవరు కన్న బిడ్డలో, నూరేళ్ళు బతకాలి,” అని దణ్ణం పెట్టి, చన్నీళ్ళతోనే స్నానం చేసి, ఆ కంబళిని ఒంటికి చుట్టుకుని కొంగు బిగించింది. చేతులకి ఉన్ని తొడుగులు కూడా వేసుకుంది, అవీ ధావళిలో లెక్కేనట.

పొగ ప్రమాదమని గరాజ్ తలుపు చేత్తో పైకెత్తి, గుమ్మం దగ్గరే స్టవ్వు పెట్టారు. బయట ఎండలో మంచు కళ్ళు పొడుస్తోంది. నాన్న ఏటా స్టవ్వుని తుడిచి పెట్టడమే గానీ ఎన్నడూ వెలిగించి ఎరగడు. అటూ ఇటూ తిప్పుతుంటే నాయనమ్మ వంగి చూసి, “ఇది మన పంపు స్టవ్వేరా, పిల్లది,” అని, తొడుగులు తీసి, పిన్నుతో పొడిచి, నాలుగుసార్లు పంపు కొట్టేసరికి నీలం మంట బుస్సుమంది. గారెలు లేవు, కూరలు లేవు. ఆ గుప్పెడు మంట మీద అయ్యేవి పెసరపప్పు, పరమాన్నం, అన్నం. గారెలంటే ఆయనకి ప్రాణం అని గొణుక్కుంటూనే పప్పు పొయ్యెక్కించింది. నేను ఈకల సంచిలో మెడ దాకా దూరి, లోపలి గుమ్మం మెట్టు మీద కూర్చుని చూస్తున్నాను.

పప్పు ఉడికింది. దించి మూత పెట్టి పరమాన్నానికి పాలు పెట్టింది. పాలు ఇంకా పొంగనేలేదు, పప్పు గిన్నె మీద చేయి వేసి చూసి ఉలిక్కిపడింది. గోరువెచ్చన కూడా లేదు. పాలు దించి, పప్పు మళ్ళీ ఎక్కించింది. అది కాగేసరికి పాలు చల్లారాయి. నాన్న పెట్రోలు డబ్బా ఊపి చూసి, “ఇలా మార్చి మార్చి వేడి చేస్తే అన్నానికి మిగలదమ్మా,” అన్నాడు. ఆవిడ పొయ్యి వైపు చూసింది, విస్తరి వైపు చూసింది, చివరికి నా వైపు చూసింది.

“అమ్మడూ, అందులో వెచ్చగా ఉందా?”

“ఊఁ. బాగా.”

“అయితే కాళ్ళు ముడుచుకో.”

“అత్తయ్యగారూ, అది స్నానం కూడా చేయలేదండీ,” అంది అమ్మ కంగారుగా.

“తెలుసు. మడి పోయిందేమని ఆయన అడిగితే నేను జవాబు చెప్పుకుంటాలే,” అని, పొగలు కక్కుతున్న పప్పు గిన్నెకి తువ్వాలు చుట్టి, ఈకల సంచిలో తన చేతులతోనే నా పొట్ట దగ్గర పెట్టింది. వచ్చిన ఇన్నాళ్ళలో పగటిపూట ఆవిడ నన్ను ముట్టుకోవడం అదే మొదలు. “కావలించుకో. కదలకు.”

తర్వాత పరమాన్నం గిన్నె కూడా వచ్చి చేరింది. స్వెటర్‌లోంచి వేడి ఒంటికి తగులుతోంది, నెయ్యీ యాలకులూ సంచి నిండా ఘుమఘుమలాడుతున్నాయి, నోట్లో నీళ్ళూరుతున్నాయి. నేను కదిలితే ఒలికిపోతుందని, ఒలికితే తాతయ్య ఆకలితో వెళ్ళిపోతారని భయంతో ఊపిరి కూడా చిన్నగా తీశాను. అంత ముఖ్యమైన పని నాకు అంతకుముందు ఎవరూ చెప్పలేదు, ఆ తర్వాతా చెప్పలేదు.

అన్నం దిగగానే నాన్న ప్యాంటు మీదే పంచె చుట్టుకుని పీట మీద కూర్చున్నాడు. జాకెట్టు విప్పబోతే, “ఉంచుకో. నిన్ను చలికి బలిపెట్టి తద్దినం పెట్టమని ఆయన అడగలేదు,” అంది నాయనమ్మ. నాన్న పేరూ గోత్రమూ చెప్పి నీళ్ళు వదిలాడు. నాయనమ్మ నా ఒళ్ళోంచి గిన్నెలు తీసి విస్తట్లో అన్నం, పప్పు, పరమాన్నం వడ్డించింది. ఆ చలిగాలికి విస్తరి మీద నుంచి ఆవిరి తెల్లగా, దట్టంగా లేచి, తెరిచిన తలుపు దాటి ఎండలోకి పోయింది. మామూలు ఇంట్లో అంత ఆవిరి ఎవరూ చూసి ఉండరు.

“తింటున్నారు,” అంది నాయనమ్మ. ఆవిరి పూర్తిగా ఆగిపోయేదాకా చేతులు జోడించుకుని నిలబడే ఉంది, ఏడుస్తూ, నవ్వుతూ. నాకు మాత్రం గెలిచినంత సంతోషంగా ఉంది.

మర్నాటికి కరెంటు వచ్చింది. నాయనమ్మ తలంటుకుని మళ్ళీ తన మడిలోకి వెళ్ళిపోయింది, నేను మళ్ళీ దూరం జరిగాను. వసంతంలో తణుకు తిరిగి వెళ్ళి, ఇంకొన్నేళ్ళు బతికి, ఆవిడా పోయింది. పేపర్ మిల్లు మూతపడిందట, ఆ క్యాబేజీ వాసన ఇప్పుడు ఊళ్ళో లేదట. అమ్మా నాన్నా ఇక్కడ మా దగ్గరే ఉంటున్నారు. తద్దినాలకి పురోహితుడుగారు ల్యాప్‌టాప్‌లో కనిపిస్తారు. మంత్రం ఒక్క అక్షరం పొల్లుపోదు, అమ్మ గారెలతో సహా అన్నీ చేస్తుంది, ఏ లోపమూ లేదు. అయినా వెచ్చటి ఇంట్లో వడ్డించిన విస్తరి మీద ఆవిరి కంటికి ఆనదు. ఎవరైనా వచ్చి తిన్నారో లేదో నాకు తెలియదు, ఆ దిగులు ఏటా ఉంటుంది.

పోయిన నెల నాయనమ్మ తిథి. అంతకుముందు ఇంకెవరి ఇంట్లోనో కార్యక్రమం ఆలస్యమై పురోహితుడుగారు స్క్రీన్ మీదికి ఎంతకీ రాలేదు. నాన్న పీట మీద కూర్చుని గడియారం చూస్తున్నాడు. నేను అన్నం గిన్నెకి తువ్వాలు చుట్టి, ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులా కావలించుకుని వంటింటి నేల మీద కూర్చున్నాను. నాన్న అటు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు.

మా అమ్మాయి వచ్చి వింతగా చూసి, “మామ్, మైక్రోవేవ్ ఉంది కదా?” అంది.

“ఉంది,” అన్నాను గానీ గిన్నె వదల్లేదు.