నాయనమ్మకు సరస్వతి ఆకు

నా చిన్నప్పుడు మేము ఆబిడ్స్ వెనక సందులో ఒక కిరాయి ఇంట్లో ఉండేవాళ్ళం. నాన్న నాంపల్లి స్టేషనులో గుమాస్తా. నాకు తొమ్మిదో ఏడు వచ్చేసరికి మా నాయనమ్మకు మరపు మొదలైంది. మొదట్లో పొయ్యి మీద పెట్టిన పాల సంగతి మరిచిపోయేది. తరువాత నన్నే మరిచిపోయింది. బడి నుంచి రాగానే నన్ను మా మేనత్త పేరుతో పిలిచేది. మా మేనత్త నాకు నాలుగేళ్ళప్పుడే జ్వరంతో పోయింది. నేను కాదని చెప్పి నా పేరు చెబితే, నాయనమ్మ పరాయి పిల్లను చూసినట్టు చూసేది. ఆమె పక్కలో పడుకుని పెరిగినదాన్ని, ఆ చూపుకు తట్టుకోలేకపోయేదాన్ని.

పక్కింటి అక్క పరీక్షలప్పుడు సరస్వతి ఆకు నమిలేది. తింటే చదివింది మరిచిపోమని ఆమె అంటుంటే విన్నాను. చదివింది జ్ఞాపకంలో నిలిస్తే మనుషులు మాత్రం ఎందుకు నిలవరనుకున్నాను. ఆ ఆకు నాంపల్లి దగ్గరి బాగే ఆం తోటలో కాలువ గట్టున తడి నేలంతా తనంతట తానే అల్లుకుని ఉండేది. గుండ్రటి ఆకు, అంచున చిన్న చిన్న గంట్లు. ఆకులు పక్కకు తొలగిస్తే నేలకు ఆనుకుని ఆవగింజంత గులాబీ పూలు. కొత్తిమీరకూ వాముకూ అది దగ్గరి చుట్టమని చాలా ఏళ్ళ తరువాత కాలేజీలో చదువుకున్నాను. అప్పుడు మాత్రం నాకది మందు.

నాలుగు రోజులు గుప్పెళ్ళతో పీకాను. ఐదో రోజు అక్కడి ముసలి తోటమాలికి దొరికిపోయాను. పాలమూరు వైపు నుంచి వచ్చినవాడు.

"గట్ల వేళ్ళతోటి గుంజితే మళ్ళ యాడ మొలుస్తది బిడ్డా?" అన్నాడు.

నేను ఏడుస్తూ సంగతంతా చెప్పాను, మా ఇల్లు ఎక్కడో కూడా చెప్పాను. ఆయన తిట్టలేదు. తీగను కదపకుండా గోటితో ఆకులు గిల్లడం చూపించాడు. మరునాటి నుంచి మోదుగాకులో కట్టి నా కోసం సిద్ధంగా ఉంచేవాడు. అమ్మ దాన్ని పచ్చడి చేసి నాయనమ్మకు పెట్టేది. నెల దాటింది. మార్పేమీ లేదు.

ఒకరోజు బడిలో పద్యం తప్పు లేకుండా అప్పజెప్పినందుకు పంతులమ్మ నన్ను మెచ్చుకుంది. నాయనమ్మకు చెప్పాలని పరిగెత్తుకొచ్చాను. ఆమె మళ్ళీ అత్త పేరుతోనే పిలిచింది. నాకు ఎక్కడలేని కోపం వచ్చి, అత్త ఎప్పుడో చచ్చిపోయిందని అరిచాను. నాయనమ్మ అప్పుడే ఆ కబురు విన్నట్టు కుప్పకూలి ఏడ్చింది. దీపాలు పెట్టే వేళ దాకా అమ్మ ఆమెను పట్టుకుని కూర్చుంది. నేను ఒక మూలన నక్కి ఉండిపోయాను.

రెండు రోజులు తోటకు వెళ్ళలేదు. మూడోనాడు తోటమాలే మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చాడు, పాత నూనె డబ్బాలో వేళ్ళతో సహా కాస్త తీగ నాటి తెచ్చాడు. వాకిట్లో కూర్చున్న నాయనమ్మ ఆయన్ని చూసి ముఖమంతా వెలిగించుకుంది.

"తమ్మీ, ఇన్నొద్దులకు యాదికొచ్చిన్నా నీకు?"

ఆమె తమ్ముడు నేను పుట్టకముందే పోయాడు. ఆ మాట చెప్పబోయి నోరు తెరిచాను. ఆయన డబ్బా దించి, భుజం మీది తువాలు తీసి, ఆమె ముందు గొంతుక్కూర్చున్నాడు.

"ఔ అక్కా. ఎవుసం పనుల రాలేకపోయిన."

ఆమె ఎడ్ల సంగతి అడిగింది, బావిలో నీళ్ళున్నాయా అని అడిగింది. ఆయన తన ఊళ్ళోని ఎడ్ల గురించి, తన బావి గురించి నెమ్మదిగా చెప్పాడు. అమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి లేచాడు. సందు మలుపు దాకా వెంట వెళ్ళి, ఆకు పనిచేస్తుందా అని అడిగాను.

"నాకు ఎర్క లేదు బిడ్డా. పెట్టుండ్రి, మంచిదే. గని గామె తమ్ముని కోసం సూస్తున్నది. నేను కాదంటే, ఇంక రాలేదని ఫికర్ చేస్తది గద."

ఆ సాయంత్రం నాయనమ్మ అత్త పేరుతో పిలిచింది. ఈసారి పలికాను.

"ఔ అమ్మా, వచ్చిన."

ఆమె నన్ను కూర్చోబెట్టుకుని జడ విప్పింది. దువ్వుతూ దువ్వుతూ ఆగి, చుట్టూ చూసి, గొంతు తగ్గించింది.

"మీ అన్న బిడ్డ యాడ వొయింది? పొద్దుగాల్నుంచి కనవడ్తలేదు."

కొంగు ముడి విప్పి, చీమలు పట్టిన బెల్లం ముక్క నా చేతిలో పెట్టింది. దానికియ్యి, నువ్వు తినకు అంది. మీ అన్న బిడ్డ అంటే నేనే. నేను తలొంచుకుని ఆ బెల్లం తిన్నాను.

నాయనమ్మ మరో రెండేళ్ళు బతికింది. నా పేరుతో నన్ను మళ్ళీ పిలవలేదు, నేనూ దిద్దలేదు. ఇప్పుడు నాకూ ఆమె వయసు వచ్చింది. నా ఈడువాళ్ళు ఎవరైనా నన్ను ఇంకెవరో అనుకుని పలకరిస్తే ముందు పలుకుతాను. ఎవరి కోసం ఎదురుచూస్తున్నారో తెలిసేదాకా పక్కన కూర్చుంటాను.