శనివారం కొనని డిస్కు

వారం రోజుల పాటు మా ఇంట్లో టిక్కు టిక్కుమని చప్పుడు వచ్చింది. మొదట బల్లి అనుకున్నాం. ఏదైనా మాట్లాడుకుంటూ ఉండగా చప్పుడు వినిపిస్తే మా అమ్మ "సత్యం" అనేది. ఈసారి వానలు ముందే వస్తాయేమో అన్నాను, టిక్కుమంది, సత్యం అంది. మూడో రోజుకి గోడ మీద బల్లి లేదని, ఆ చప్పుడు బల్ల కింద కంప్యూటర్ డబ్బాలోంచి వస్తోందని తెలిసింది. ఎందుకో నాకు ఆ క్షణంలోనే భయం వేసింది.

ఆ డబ్బాలో మా అమ్మ చేతులున్నాయి. మాది నరసాపురం. అమ్మ పదో ఏట నుంచి లేసు అల్లింది. ఒక్క డిజైనూ కాగితం మీద లేదు, అన్నీ వేళ్ళలోనే. అల్లినవన్నీ అమ్ముడైపోగా ఇంట్లో నమూనాకైనా ఒక ముక్క మిగల్లేదు. అందుకని రెండేళ్ళ పాటు సెలవు రోజుల్లో ఆమె ముందు ఫోన్ నిలబెట్టి, ఒక్కో డిజైను అల్లించి వీడియోలు తీసి కంప్యూటర్లో దాచాను. అప్పుడు అమ్మ, "తీసింది చాల్లే గానీ, కూర్చుని నేర్చుకోవే" అనేది. "వీడియోలో ఉందిగా అమ్మా, తీరిగ్గా నేర్చుకుంటాలే" అనేదాన్ని. ఆ తర్వాత ఏడాదికి అమ్మ కుడిచెయ్యి వణకడం మొదలైంది, కళ్ళు మసకబారాయి. ఇక అల్లలేదు. నెట్‌లో దాచుకోమని మా ఆఫీసులో చెప్పారు కానీ, మా అమ్మ చేతులు ఎవడి దగ్గరో ఎందుకని నేనే వద్దనుకున్నాను. పైగా దానికి నెలనెలా డబ్బు కట్టాలి.

నేను పిసినారిని, ఒప్పుకుంటాను. కొత్త డిస్కు కొనడానికి ఆ వారంలో మిగిలిన రోజులన్నీ ధరలు చూస్తూ కూర్చున్నాను. ఒకటి చవక, కానీ కొన్నవాళ్ళు తిట్టారు. ఇంకొకటి మంచిది, కానీ అంత పెట్టడం ఎందుకు అనిపించింది. పక్కన చప్పుడు వస్తూనే ఉంది, నేను చూస్తూనే ఉన్నాను.

శనివారం మధ్యాహ్నం పాలకొల్లు వెళ్ళాను. ఆ చప్పుడును ఫోన్లో రికార్డు చేసుకుని వెళ్ళి షాపాయనకు వినిపించాను. ఆయన తాగుతున్న టీ గ్లాసు పక్కన పెట్టేశాడు.

"ఎన్నాళ్ళ నుంచండి ఇలా?"

"వారమైందండి."

"కంప్యూటర్ ఆపేశారా?"

"లేదండి, ఆన్‌లోనే ఉంది."

"ఆపకండి. ఆపితే మళ్ళీ లేస్తుందని నేను చెప్పలేనండి. ఇది తీసుకెళ్ళి ఈ పూటే కాపీ చేసేసుకోండి" అని నాకు అందే ధరలో డిస్కు ఒకటి చూపించాడు. బేరమాడి ధర కుదుర్చుకున్నాను. ఇంతలో అమ్మ ఫోన్ చేసింది.

"కొనేశావా?"

"కొంటున్నానమ్మా."

"లోపల చక్రాలు తిరుగుతాయన్నావు. ఇనుమేగా అది? ఇవాళ శనివారమే. ఇంటికి తేకు."

నాకు ఒళ్ళు మండింది. కానీ "సరే, శనివారం ఇనుము తేనులే" అని ఫోన్ పెట్టేశాను. నాన్నగారు ఒక శనివారం నాడు కొత్త సైకిలు కొని తెచ్చారు. ఆ వారం తిరక్కుండానే కాలువ గట్టు మీద ఆ సైకిలే దొరికింది, ఆయన దిగువన లాకుల తలుపుల దగ్గర నీళ్ళలో తేలారు. అప్పటి నుంచి మా ఇంట్లోకి శనివారం నాడు మేకు కూడా రాలేదు.

షాపాయన అర్థం చేసుకున్నాడు. ఇలాంటివి ఆయనకు కొత్త కాదు. "పోనీ ఇది తీసుకోండి, దీంట్లో తిరిగేదేమీ ఉండదండి, అంతా చిప్పులే" అని ఇంకొకటి తీశాడు. ధర రెట్టింపు. నేను దాన్ని చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, వెనక్కి ఇచ్చేశాను. "మొదటిదే పక్కన పెట్టండి, రేపు పొద్దున్నే వచ్చి పట్టుకెళ్తాను" అన్నాను. తప్పంతా అమ్మ మీదకు తోసెయ్యడం తేలికే కానీ, ఆ రెండోది వెనక్కి ఇచ్చింది నా చెయ్యే.

బస్సు నరసాపురం చేరేసరికి ఆకాశం నల్లబడి, గాలి స్తంభించి ఉంది. మా వీధి మొదట్లో కిరాణా కొట్టాయన అట్టముక్కతో విసురుకుంటున్నాడు. కరెంటు పోయి ఎంతసేపైందని అడగడానికి కూడా నాకు ధైర్యం చాలలేదు. మా ఇన్వర్టర్ ఫ్యాన్లకూ లైట్లకూ మాత్రమే.

అమ్మ గుమ్మంలోనే కూర్చుని ఉంది. మొహంలో సంతోషం.

"ఆ చప్పుడు ఆగిపోయిందే. నయమైపోయినట్టుంది" అంది.

కరెంటు వచ్చాక కంప్యూటర్ ఆన్ చేశాను. నల్లటి తెర మీద డిస్కు కనబడలేదంటూ రెండు తెల్లటి లైన్లు వచ్చి అక్కడే నిలిచిపోయాయి. మర్నాడు కొత్త డిస్కు తెచ్చాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. అది చక్కగా పనిచేసింది, దాంట్లో పెట్టడానికే ఏమీ లేదు. పాతదాన్ని షాపాయన హైదరాబాదు పంపించాడు. నెల తర్వాత అలాగే తిరిగొచ్చింది, లోపల తిరిగే రేకు గీసుకుపోయిందట.

అది తిరిగొచ్చిన రోజే అమ్మకు చెప్పాను, వీడియోలన్నీ పోయాయని. ఆమె లేచి, తన పాత పెట్టెలోంచి లేసు సూదీ దారం ఉండా తెచ్చుకుంది.

"పోతే పోయింది. ముందు నెమలి కన్ను అల్లుతాను, చూడు" అంది.

వణికే చేతిని మోకాలికి ఆనించి మొదలుపెట్టింది. మొదటి వరస వంకరగా వచ్చింది, రెండోది కుదిరింది. నాకు ఆశ పుట్టింది. మూడో వరసలో సూది ఆగిపోయింది. అమ్మ దాన్ని వెనక్కి తీసి, మళ్ళీ గుచ్చి, మళ్ళీ తీసింది. అల్లికను కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూసింది. తర్వాత తల ఎత్తి నా వైపు చూసింది.

"ఇక్కడ తర్వాత ఏంటే? నువ్వు అన్నిసార్లు చూశావుగా, చెప్పు."