ముత్యాల మూట

బుచ్చమ్మ ఒకరిచేత మాట పడే మనిషి కాదు. కొబ్బరి పీచుతో తాళ్ళు పేనీ పేనీ ఆమె చేతులు కాయలు కాశాయి, నోరూ అంతే గట్టిది. అలాంటి మనిషి బిడ్డ మేలు కోరి చేసిన ఒక్క పనికి బతుకంతా ఏడ్చింది.

పందొమ్మిది వందల పన్నెండులో ఉద్దానం ఊళ్ళలో మశూచి పడింది. ఆ పేరు ఎవరూ పలకరు, అమ్మవారు పోసిందంటారు. బుచ్చమ్మ ఏడేళ్ళ కూతురు మహాలక్ష్మికి ఒళ్ళంతా పోసింది. ఎనిమిది నెలల కొడుకు వరహాలును వేరే ఇంట్లో ఉండే అత్తగారైన పెద్దతల్లికి అప్పగించి, టెక్కలి దారిలో రోగులకని వేసిన తాటాకు పాకలో బుచ్చమ్మ కూతురి పక్కన కూర్చుంది. పాలు చేపుకొచ్చి చీర తడిసిపోతుంటే పిండి పారబోసింది, కానీ కదల్లేదు.

ఎలాగో పిల్ల గట్టెక్కింది. ఇంటికి పంపేటప్పుడు పాకలో మందిచ్చే కాంపౌండరు జాగ్రత్త చెప్పాడు.

"జొరం తగ్గిపోనాది. పొక్కులన్నీ రాలీదాకా సంటోడిని దగ్గరికి రానీకమ్మా. రాలినవి పొయ్యిలో ఏసి కాల్సీ."

"అలాగే బాబూ" అంది బుచ్చమ్మ.

సగం మాట అక్షరాలా పాటించింది. వరహాలును అత్త ఇంట్లోనే ఉంచింది. తలారా స్నానం చేసి, చీర మార్చుకుని, వెళ్ళి పాలిచ్చి వచ్చేది. మహాలక్ష్మి అరికాలి పొక్కు కూడా రాలి, వేపాకు నీళ్ళు పోశాకే కొడుకును ఇంటికి తెచ్చుకుంది.

మిగతా సగమే చేతకాలేదు. ఆ ఊళ్ళలో రాలిన పొక్కుల్ని ముత్యాలంటారు. అమ్మ ముత్యాల్ని పొయ్యిలో వేస్తే అమ్మ ఊరుకుంటుందా?

"కాల్సకే. సంటోడున్న ఇల్లు" అంది పెద్దతల్లి.

ఆ చంటివాడి కోసమే బుచ్చమ్మ వాటిని ఒక్కటీ పోకుండా ఏరి, పసుపు గుడ్డలో మూట కట్టి, ఉయ్యాల తాడుకు వేలాడదీసింది. అమ్మే కాపలా ఉందనుకుని ఎన్నాళ్ళకో కంటినిండా నిద్రపోయింది.

పన్నెండు రోజులకు వరహాలు ఒళ్ళు కాలింది. జ్వరం తగిలిన పదోనాడు, ఒళ్ళంతా పొక్కులతో పిల్లవాడు పోయాడు.

కబురు తెలిసి కాంపౌండరు వచ్చాడు. "రాలినవి ఏటి సేసినావమ్మా?" అని అడిగాడు. బుచ్చమ్మ మూట విప్పి చూపించింది. ఆయన ఆ మూటనూ, ఉయ్యాలనూ చూసి, మూటను తనే పొయ్యిలో వేసి వెళ్ళిపోయాడు. తిట్టినా బాగుండేదని బుచ్చమ్మ ఎన్నోసార్లు అనుకుంది.

మహాలక్ష్మికి మాత్రం ఆ మూటలో ఏముందో బుచ్చమ్మ తను చచ్చేదాకా చెప్పలేదు.

తర్వాత ఎవరింట్లో అమ్మవారు పోసినా పిలవకుండానే వెళ్ళేది. రాలినవన్నీ తన చేత్తో ఊడ్చి పొయ్యిలో వేసేది. ఒకసారి ఓ ఇల్లాలు చెయ్యి పట్టుకుంది.

"అమ్మకి కోపమొత్తాదే, బుచ్చమ్మా."

"వత్తే నా ఇంటికే రమ్మను" అంది బుచ్చమ్మ. "ఉయ్యాల కాళీగానే ఉంది."