ఇంట్లో ఇచ్చిన బాప్తిస్మం

మా పాప నెలలు నిండకుండా పుట్టింది. అమెరికాలో, మేముండే ఇర్వింగ్‌లో ఆస్పత్రి వాళ్లు దాన్ని ఇంక్యుబేటర్‌లో పెట్టి, మమ్మల్ని పక్కన కూర్చోబెట్టారు. అలా కూర్చుని చేసేదేమీ లేక నేను ఒక పనిలో పడ్డాను. ఇంగ్లండ్‌లో ఒక పల్లెటూరి చర్చిలోని రెండు వందల ఏళ్ల కిందటి బాప్తిస్మం రిజిస్టర్లను ఫోటోలు తీసి ఇంటర్నెట్‌లో పెట్టారు. ఆ చేతిరాత చదివి టైప్ చేసిపెట్టే వాలంటీర్లు కావాలి. ఆఫీసులో నా పక్క సీటు పెద్దాయన పూర్వీకులది ఆ ఊరేనట, ఆయనే నన్ను అందులోకి దింపాడు. బిడ్డ పేరు, అమ్మానాన్నల పేర్లు, ఉండే చోటు, తండ్రి చేసే పని. ఉన్నది ఉన్నట్టు కొట్టాలి, సొంత తెలివి చూపించకూడదు. అది నాకు ఎంత కష్టమో మా ఆవిడనే అడగాలి.

పాప ఇంటికొచ్చాక కూడా ఆ పని మానలేదు. పైగా అందులోంచి వాదనలు ఏరుకోవడం మొదలుపెట్టాను. మాది చంటిబిడ్డలకే బాప్తిస్మం ఇచ్చే లూథరన్ కుటుంబం. ఆవిడ వాళ్లు బాప్టిస్టులు. బుద్ధి తెలిశాక తానే ఒప్పుకుని నీళ్లలో మునిగితేనే వాళ్ల లెక్కలో బాప్తిస్మం. పెళ్లప్పుడు ఈ సంగతి ఎవరికీ పట్టలేదు. ఇప్పుడు నేను రోజూ లాప్‌టాప్ తిప్పి చూపించేవాణ్ణి: ఇదిగో కూలివాడి కూతురు, ఇదిగో చెప్పులు కుట్టేవాడి కొడుకు, అందరికీ నెల తిరక్కుండానే అయిపోయింది అని. ఆవిడ ఒక వాక్యం చూపించేది. నేను ఇంకో వాక్యం తీసేవాణ్ణి. ఇద్దరికీ బైబిల్ బాగానే వచ్చు, అదే వచ్చిన చిక్కు.

ఒక శనివారం ఉదయం, పాప ఆవిడ ఒళ్లో పాలు తాగుతుంటే, నాకు ఒక పేజీ అంచున చిన్న మాట కనిపించింది: ఇంట్లో ఇచ్చినది అని. బిడ్డ బతకదేమో అనిపిస్తే అక్కడి పాదిరి ఆగకుండా ఇంటికే వెళ్లి బాప్తిస్మం ఇచ్చేవాడట. కోలుకుంటే తర్వాత చర్చికి తెచ్చేవారు, ఆ మాటా పక్కన రాసేవారు. ఈ బిడ్డ పక్కన చర్చికి తెచ్చినట్టు లేదు. టైప్ చేయడం ఆపేసి తర్వాతి పేజీలు తిరగేశాను. ఎక్కడా లేదు. పెద్దాయనకు మెసేజ్ పెడితే, రాయడం మర్చిపోయి ఉంటారు, అంత ఆలోచించకు అన్నాడు. నాకు మాత్రం ఆ బిడ్డ బతకలేదనే అనిపించింది.

ఏమైందని ఆవిడ అడిగితే పేజీ చూపించాను. ఈసారి వాదన కోసం కాదని ఆవిడకు అర్థమైంది.

"నాకు వాక్యం గొడవ ఏం లేదు," అన్నాను. "భయంగా ఉంది. హాస్పిటల్‌లో మొదలైంది, ఇంకా పోలేదు."

ఆవిడ పాప వీపు నిమిరింది.

"ఇన్నాళ్లూ నాతో డిబేట్ చేశారు గానీ ఈ ముక్క చెప్పలేదేం?" అంది. "చంటిబిడ్డల బాప్తిస్మాన్ని నేను నమ్మను. మీరు నమ్ముతారు కదా. పాస్టర్ గారికి కాల్ చేయండి."

మరుసటి నెల మా తెలుగు సంఘంలో పాస్టర్ గారు పాప నుదుటి మీద నీళ్లు చిలకరించారు. నమ్మని మనిషే పాపను ఎత్తుకుని నిలబడింది. నేను పక్కన నిలబడి ఏడ్చాను, దాచుకోలేదు. కారులో వస్తుంటే, పెద్దయ్యాక పాప తనంతట తాను మునుగుతానంటే నేను అడ్డు రాకూడదని ఆవిడ మాట తీసుకుంది. ఇచ్చాను.

ఇక భయం పోతుందనుకున్నాను. ఆ మధ్యాహ్నం పాప పడుకుంటే, అలవాటుగా ముక్కు కింద వేలు పెట్టి చూశాను. తిరిగేసరికి వెనక ఆవిడ ఉంది. బాప్తిస్మం అయిపోయిందిగా, ఇంకా ఎందుకని దెప్పుతుందనుకున్నాను. నన్ను మెల్లిగా పక్కకు జరిపి, తనూ వేలు పెట్టి చూసింది.